పులివెందుల కింది బరువు

1983 ఎండాకాలం. కడపలో కాలేజీ పిల్లలకు భూగర్భశాస్త్రం చెప్పుకుంటున్న నన్ను, పరిశోధన చేస్తున్న స్నేహితుడొకడు ముద్దనూరు నుంచి పులివెందులకు పోయే దోవలో తోడు తీసుకుపోయాడు. చేతిలో గ్రావిమీటరు. చూపుకు పెద్ద థర్మాస్ ఫ్లాస్కు. లోపల వెంట్రుకంత సన్నని క్వార్ట్జ్ స్ప్రింగు, దానికో చిన్న బరువు. నేల కాస్త గట్టిగా లాగితే స్ప్రింగు సాగుతుంది, అంతే. ఆ మీటరును పళ్లెం మీద పెట్టి, నీటిబుడగ నడిమికి వచ్చేదాకా మరలు తిప్పుతుంటే మేకలు వదిలేసి ఒక పెద్దాయన వచ్చాడు.

"నీళ్లు యాడుండాయి సారూ?"

"నీళ్ల మిషను కాదు పెద్దాయనా. నేల బరువు చూస్తాండాం."

"బరువు చూసి ఏం జేస్తారు? నీళ్లు చూడండి."

సీమలో ఏ పరికరం కిందికి దించినా ఇదే మాట. తప్పు పట్టలేం.

నేల బరువు చూసే పని కొత్తదేమీ కాదు. 1865 నుంచి బసెవీ అనే సర్వే అధికారి లోలకాలు మోసుకుంటూ దేశం తిరిగాడు. కింద బరువు ఎక్కువుంటే లోలకం వడిగా ఊగుతుంది. రోజుకెన్ని ఊగులో లెక్కపెట్టడమే పని. కాకినాడలో ఊపాడు, మా సీమలో నాంతాబాదు అని సర్వేవాళ్లు రాసుకున్న చోటా ఊపాడు. 1871లో లడఖ్ చలిలో అదే పని మీద ఉండగా పోయాడు. మరుసటేడు భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ కడప, కర్నూలు రాళ్ల మీద పుస్తకం అచ్చువేశాడు. నేటికీ మేం వాడేవి ఆయన పెట్టిన పేర్లే. పాలకోవాకు పేరుపడ్డ గువ్వలచెరువు ఆయన చేతిలో 'గుల్చేరు' అయింది!

కింగ్ పైరాళ్లు చూశాడు. అడుగున ఏముందో తేల్చే పని 1961లో హైదరాబాదులో పెట్టిన భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐకి వచ్చింది. 1968కల్లా కురేషీ బృందం కడప బేసిన్ (ఆ రాళ్లు పేరుకున్న పల్లం) గురుత్వం మీద పరిశోధన పత్రం వెలువరించింది. 1970లలో కావలి నుంచి ఉడుపి దాకా, 600 కిలోమీటర్ల పొడవునా బోరుగుంతల్లో మందు పేల్చి, ఆ అదురును పట్టి లోపలి పొరలు లెక్కగట్టారు. భూమి పెంకు మందం దాదాపు 35 నుంచి 40 కిలోమీటర్లని తేలింది.

గ్రావిమీటరు పట్టుకున్నవాడికి అసలు తిప్పలు ఎత్తుతోనే. భూమి లాగుడు మొత్తం, గురుత్వం కొలిచే లెక్కలో, 9,78,000 మిల్లీగాల్‌ల పైచిలుకు. మనం వెతికే తేడా అందులో పదుల్లో. మీటరు ఎత్తు ఎక్కితే 0.3 మిల్లీగాల్ దానంతటదే తగ్గిపోతుంది. అందుకే పగలంతా ఎత్తు తెలిసిన బెంచిమార్కుల వెంట నడవడం, రాత్రి లాడ్జిలో ఆ ఎత్తులన్నీ తీసివేసుకుంటూ కూర్చోవడం. కూడికలన్నీ నావి, తప్పులు కూడా.

అన్నీ సవరించాక బేసిన్ నైరుతి మూల, పులివెందుల వైపు, లాగుడు ఎక్కువని తేలుతుంది. పైన తేలిక రాళ్లుండగా ఎక్కువ రావడమంటే అడుగున బరువైనది ఏదో ఉన్నట్టే. ఎక్కువమంది చెప్పే కథ ఇది: ఖండం ఇక్కడ సాగి పలచబడింది, అడుగునుంచి కరిగిన నల్లరాయి ఎగదన్నింది, ఆ బరువుకు నేల కుంగి సముద్రం వచ్చి నిండింది. ఖండం మాత్రం పూర్తిగా చీలిపోలేదు. పులివెందుల దగ్గర పొరల నడుమ పరుచుకున్న నల్లరాతి వయసు 188 కోట్ల ఏళ్లని లెక్కతేలింది. దాని వేడికి వేంపల్లె సున్నపురాయి మాడిన చోటే రాతినార (ఆస్బెస్టాస్) పుట్టింది. బ్రాహ్మణపల్లెలో తవ్వింది దాన్నే.

ఈ బేసిన్ ఉల్క పడి ఏర్పడిన గుంత అని ఒక వాదన కూడా వచ్చింది. నాకు ఎక్కలేదు. తూర్పున నల్లమల వైపు గురుత్వం పడిపోతుంది, రాళ్లు మడతలు పడి ఉంటాయి; అక్కడ తర్వాత ఖండాలు ఢీకొన్నాయని 2002లో ఎన్‌జీఆర్‌ఐ వాళ్లే రాశారు. అది మాత్రం నాకు సబబుగా తోస్తుంది.

మీరెప్పుడైనా పులివెందుల వైపు పోతే బండి ఆపండి. ఒక చేతిలోకి నల్లరాయి, ఇంకో చేతిలోకి అదే సైజు తెల్ల పలుగురాయి తీసుకోండి. తేడా చేతికే తెలుస్తుంది.