నిర్వాసితుల స్వావలంబన: పురస్కారాల పరిణామం

ఊరూ వృత్తీ కోల్పోయినవారికి కొత్త బతుకుతెరువు చూపేవారిని సత్కరించే ఆనవాయితీకి నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఏ పనిని సేవగా గుర్తించాలన్న విషయంలో ఈ కాలంలో దృష్టి చాలా మారింది. కావలి మొదలు బాపట్ల దగ్గరి స్టువార్టుపురం వరకూ కోస్తాలో జరిగిన ఎరుకల పునరావాసం ఈ మార్పుకు మంచి ఉదాహరణ.

ఎరుకలవారిలో చాలా కుటుంబాలు పూర్వం కోస్తా ఉప్పును పశువుల మీద వేసుకుని మెట్ట ప్రాంతాలకు తీసుకెళ్లి, అక్కడి ధాన్యానికి మారకం వేసేవి. బుట్టలు అల్లడం, సోది చెప్పడం కూడా వారికి జీవనాధారాలే. రైలు మార్గాలు, ఉప్పుపై సర్కారు ఆంక్షలు వచ్చాక ఈ వ్యాపారం దెబ్బతింది. బతుకుతెరువు పోయి తిరుగుతున్నవారిని ప్రభుత్వం అనుమానితులుగా చూసింది. 1871 నాటి నేరజాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వర్తించింది.

ఆ చట్టం కింద ఏర్పడిన సెటిల్‌మెంట్ల నిర్వహణను ప్రభుత్వం మిషనరీలకు అప్పగించింది. కావలి సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషన్, స్టువార్టుపురాన్ని సాల్వేషన్ ఆర్మీ నడిపాయి. స్టువార్టుపురంలో భూములిచ్చారు. చాలామంది చీరాల పొగాకు కంపెనీలో కూలికి చేరారు. పని దొరికినా స్వేచ్ఛ దొరకలేదు. హాజరు పలకాలి, బయటికి వెళ్లాలంటే అనుమతి తీసుకోవాలి. సాల్వేషన్ ఆర్మీ నాయకుడు ఫ్రెడరిక్ బూత్ టక్కర్‌కు 1913లో కైజర్-ఇ-హింద్ బంగారు పతకం లభించింది. 1900లో విక్టోరియా రాణి నెలకొల్పిన ఈ పతకం పాలకుల దృష్టిలో ప్రజాసేవకు గుర్తింపు. సెటిల్‌మెంటులో ఉన్నవారి అభిప్రాయానికి అందులో చోటులేదు.

అదే కాలంలో ఐరోపాలో మరో ఆలోచన రూపుదిద్దుకుంది. నానాజాతి సమితి 1921లో ఫ్రిజాఫ్ నాన్సెన్‌ను శరణార్థుల హైకమిషనర్‌గా నియమించింది. ఏ దేశ పౌరసత్వమూ లేనివారికి ఆయన ఇప్పించిన గుర్తింపు పత్రాలతో వారు సరిహద్దులు దాటి పని వెతుక్కోగలిగారు. సెటిల్‌మెంటు పాస్ మనిషిని ఒకచోట కట్టిపడేస్తే, నాన్సెన్ పత్రం మనిషికి కదిలే హక్కునిచ్చింది. 1922లో ఆయనకు నోబెల్ శాంతి బహుమతి దక్కింది. ఆయన పేరిట ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ 1954లో నెలకొల్పిన పురస్కారాన్ని తొలిసారి ఎలినార్ రూజ్‌వెల్ట్ అందుకున్నారు. 2013లో అది కాంగోకు చెందిన సిస్టర్ ఆంజెలిక్ నమైకాకు లభించింది. సాయుధ ముఠాల దాడులకు ఊళ్లు వదిలిన స్త్రీలకు ఆమె అక్షరాలతో పాటు కుట్టుపని, వంటపని నేర్పారు.

మనదేశంలో విభజన తర్వాత ఈ దృష్టి బలపడింది. 1948లో ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్‌ను స్థాపించిన కమలాదేవి చటోపాధ్యాయ, వాయవ్య సరిహద్దు నుంచి వచ్చిన కాందిశీకులు ఫరీదాబాద్ పట్టణాన్ని సహకార పద్ధతిలో నిర్మించుకోవడానికి తోడ్పడ్డారు. ఆమెకు 1966లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

నేరజాతుల చట్టం 1952లో దేశమంతటా రద్దయినా స్టువార్టుపురం మీద పడిన ముద్ర పోలేదు. 1970లలో విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన లవణం, కవి జాషువా కుమార్తె అయిన ఆయన భార్య హేమలత అక్కడ పని మొదలుపెట్టారు. హేమలత అంతకుముందు వినోబా భావేతో చంబల్ లోయలో బందిపోట్ల మధ్య తిరిగినవారు. ఆ దంపతులు కుటుంబాలతో మాట్లాడి నమ్మకం పెంచి, ‘సంస్కార్’ సంస్థ ద్వారా పిల్లల చదువుకూ పెద్దల ఉపాధికీ కృషిచేశారు. 2009లో లవణంకు నిర్మాణాత్మక సేవకు గాను జమ్నాలాల్ బజాజ్ పురస్కారం వచ్చింది. హేమలత అంతకు ముందే, 2008లో కన్నుమూశారు.

1913 పతకానికీ 2009 పురస్కారానికీ మధ్య సేవకు అర్థమే మారింది. తొలినాళ్లలో జనాన్ని ఒకచోట నిలిపి అదుపులో ఉంచడాన్నే విజయంగా లెక్కించారు. తర్వాత వారి ఇష్టం, చదువు, సంపాదన, గౌరవం గీటురాళ్లయ్యాయి. నిర్వాసితుల కోసం పనిచేసే సంస్థలను ఎంపిక చేసేటప్పుడు అడగవలసిన ప్రశ్నలు కూడా ఇవే: సాయం ఆగాక ఆ కుటుంబం తన కాళ్ల మీద నిలబడుతుందా, ఎక్కడ ఉండాలో ఏ పని చేయాలో తానే నిర్ణయించుకోగలదా?