తెల్ల మెట్లు, నల్ల మెట్లు

మెట్ల వాద్యానికి తక్కిన వాద్యాలకు లేని ఒక లక్షణం ఉంది. వైణికుడు తీగను లాగి స్వరాన్ని సవరించుకుంటాడు. వేణువు వాయించేవాడు ఊపిరితోను, వేలితోను సవరించుకుంటాడు. మెట్ల వాద్యం మీద స్వరస్థానాన్ని నిర్ణయించేది వాయించేవాడు కాదు, దానిని తయారుచేసినవాడు. ఏ మెట్టు ఎప్పుడు నొక్కాలన్నంత వరకే వాదకుడి అధికారం. కనుక పసిబిడ్డ చేతికి మొదట ఏ వాద్యం ఇవ్వాలని ఆలోచించేటప్పుడు, స్వరం ఎక్కడ నిలుస్తుందో ఆ బిడ్డ చెవికి ఎవరు నేర్పుతారన్నది కూడా ఆలోచించవలసి ఉంటుంది.

ఈ ఆలోచనకు కారణం అనంతపురంలో ఉన్న మా మేనకోడలు. "మామా, పాపకు ఆరేండ్లు నిండినాయి, కీబోర్డు కొనాల. ఏది కొనమంటావు?" అని అడిగింది. దుకాణంలో చెప్పే లెక్కలు మనకు తెలిసినవే: ఎన్ని మెట్లు, ఎన్ని వందల ధ్వనులు, ఎన్ని తాళాలు, ధర ఎంత. వాటి జోలికి వెళ్లే ముందు నాకు ఆ నేల చరిత్ర గుర్తుకు వచ్చింది. ఏటా సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన పడే ఆ పీఠభూమిలో మెట్ల వాద్యం తరతరాలుగా కాపురం ఉన్నది. రంగస్థలం మీద పాటకు పీట వేసినవారూ, పాట మితిమీరిందని వారించినవారూ అక్కడ పుట్టినవారే. వారి వాదోపవాదాలు తెలిస్తే దుకాణంలో ఏమి అడగాలో కూడా తెలుస్తుందని నా నమ్మకం.

హార్మోనియం మన దేశపు వాద్యం కాదు. అలెగ్జాండర్ దెబాఁ అనే వాద్య నిర్మాత 1842లో పారిస్‌లో దీనికి పేటెంటు పొందాడు. అది బల్లంత ఎత్తున ఉండేది. కుర్చీలో కూర్చుని, కాళ్లతో తిత్తులు తొక్కుతూ, రెండు చేతులతో వాయించేవారు. ఐరోపావారి ఇళ్లతో, క్రైస్తవ ప్రార్థనా మందిరాలతో పాటు మన దేశానికి వచ్చింది. నేల మీద కూర్చుని పాడే మనకు ఆ రూపం పనికిరాలేదు. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1880లలో దానిని చిన్న పెట్టెగా కుదించి, తిత్తిని వెనుకకు చేర్చి, ఒక చేత్తో ఊదుతూ మరొక చేత్తో వాయించే వీలు కల్పించాడు. ఆ మార్పుతో హార్మోనియం చంకన పెట్టుకుని ఊరూరా తిరగగలిగే వస్తువైంది. పాడేవాడే దానిని వాయించుకోవచ్చు కూడా.

సరిగ్గా ఆ దశాబ్దంలోనే తెలుగు నాటకం కూడా ఊరూరా తిరగడం మొదలుపెట్టింది. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం తెలుగు పట్టణాలలో ప్రదర్శనలిచ్చింది. వాటిని చూసిన మనవారికి సొంత నాటకాలపై మోజు కలిగింది. ధర్మవరంలో 1853లో పుట్టిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్లారిలో సరస వినోదినీ సభను నెలకొల్పి, తెలుగు నాటకంలో పద్యాలకు, పాటలకు పెద్ద పీట వేశారు. ఆంధ్ర నాటక పితామహుడన్న బిరుదు ఆయనది. ఇక్కడ ఒక భౌగోళిక విషయం చెప్పాలి. అనంతపురం జిల్లా 1882లో బళ్లారి జిల్లా నుంచి విడివడి ఏర్పడింది. అందువల్ల ధర్మవరంలో పుట్టినవారు బళ్లారిలో సభ స్థాపించడం ఆనాటికి పరాయి చోటికి పోవడం కాదు, సొంత జిల్లా పట్నానికి వెళ్లడమే. నేడు బళ్లారి కర్ణాటకలో ఉంది. ధర్మవరం 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. పొరుగున కడప జిల్లాలోని సురభి గ్రామంలో 1885లో కీచకవధ నాటకంతో మొదలైన సురభి కుటుంబాల రంగస్థలం కథ చదువరులకు తెలిసినదే.

ఈ సంగీత నాటకాల వెంటే హార్మోనియం తెలుగు రంగస్థలానికి చేరి స్థిరపడింది. ఎందుకు స్థిరపడిందో ఊహించడం కష్టం కాదు. అవి మైకులు లేని రోజులు. ఆరుబయట, గాలి వీచే మైదానంలో, చివరి వరుసలోని మనిషికి పద్యం వినపడాలి. తంబూరా నాదం రెండు గజాలు దాటదు. హార్మోనియం గొంతు పెద్దది, దృఢమైనది. పైగా నాటకంలో పాత్రధారికొక శ్రుతి ఉంటుంది. కృష్ణుడు ఒక శ్రుతిలో, దుర్యోధనుడు మరొక శ్రుతిలో అందుకుంటే, తీగల వాద్యమైతే ప్రతిసారీ బిరడాలు తిప్పాలి. హార్మోనియం మీద చేయి పక్కకు జరిపితే చాలు. పద్యం చివర రాగం తీస్తూ నటుడు ఊపిరి తీసుకునే లోపల ఆ ఖాళీని నింపేది కూడా ఆ పెట్టే. "వన్స్ మోర్" అని జనం కేక వేస్తే మళ్లీ పద్యపు ఎత్తుగడను అందించేదీ అదే.

పట్నం నాటకాల నుంచి అది పల్లెకు దిగింది. రాయలసీమ పల్లెలలో కురుక్షేత్రమో, హరిశ్చంద్రో ఆడాలని కుర్రకారు అనుకుంటే హార్మోనియం మాస్టారును పిలిపించేవారు. ఆయన ఊళ్లోనే మకాం పెట్టి, పగలు చేలల్లో పనిచేసి వచ్చిన రైతుల చేత రాత్రిళ్లు పద్యాలు వల్లె వేయించేవాడు. అక్షరం రానివారికి నోటితో పద్యం, హార్మోనియంతో శ్రుతి నేర్పేవాడు. ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంట తోలుబొమ్మలాటకు పేరుపడిన ఊరు. ఆ ఊరి కళాకారులు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించింది. తోలుబొమ్మలాటలో కూడా తెర వెనుక మృదంగం, తాళాల పక్కన హార్మోనియం చేరింది. వానలు పడని ఏడు విరాటపర్వం చదివించినా, ఆడించినా మేఘం కరుణిస్తుందని తెలుగునాట పాత నమ్మకం. కరవు నేల మీద ఆ కథకు గిరాకీ ఎందుకు ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. పారిస్‌లో పుట్టిన పెట్టె వాన కోసం చేసే పాటకు శ్రుతి అందించే స్థితికి వచ్చిందన్నమాట!

అయితే అందరూ మురిసిపోలేదు. మొదటి అభ్యంతరం నాటకం లోపలి నుంచే వచ్చింది. 1880లో తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ, ధర్మవరం వారికి స్వయానా మేనల్లుడు. మామ రంగస్థలానికి పాటను తెస్తే, అల్లుడు ఆ పాట నటనను మింగేస్తున్నదని భావించాడు. మాట, భావం, సహజమైన నటన ముందుండాలని, సాగదీసిన రాగాలాపన తగ్గాలని ఆయన పక్షం. వాద్యం దొరికింది గదా అని వాద్యం కోసమే పాడడం మొదలైతే పద్యం అర్థం ఎక్కడికి పోతుంది?

రెండవ అభ్యంతరం సంగీతజ్ఞులది, మరింత లోతైనది. హార్మోనియంలో స్థాయిని పన్నెండు సమభాగాలు చేస్తారు. ఏ మెట్టును షడ్జమంగా తీసుకున్నా పని జరగడానికి చేసుకున్న రాజీ అది. ఆ రాజీలో కొన్ని స్వరాలు సహజ స్థానం నుంచి కొంచెం తొలగుతాయి. ఉదాహరణకు, తంబూరా నాదంలోనే సన్నగా వినిపించే అంతర గాంధారం కంటె మెట్టు మీది గాంధారం ఒక అరస్వరంలో ఏడవ వంతు హెచ్చుగా పలుకుతుంది. చిన్న తేడా అనిపించవచ్చు గాని, తంబూరా పక్కన పెట్టి వింటే చెవికి గుచ్చుకుంటుంది. ఇంతకంటె పెద్ద చిక్కు గమకం. తోడిలో గాంధారం ఒక చోట నిలవదు, రిషభ మధ్యమాల నడుమ ఊగుతుంది. ఆ ఊపే ఆ రాగానికి ప్రాణం. మెట్టు ఊగదు. ఐరోపా నుంచే వచ్చిన వయొలిన్‌ను కర్ణాటక సంగీతం తన బిడ్డగా చేసుకుని, హార్మోనియాన్ని గడప దగ్గరే నిలబెట్టడానికి కారణం ఇదే. వయొలిన్ మీద మెట్లు లేవు, వేలు జారగలదు.

ఈ వాదం ముదిరి 1940 మార్చి 1 నుంచి ఆలిండియా రేడియోలో హార్మోనియాన్ని నిషేధించారు. అప్పటి ప్రసార శాఖాధిపతి లయొనెల్ ఫీల్డెన్. రవీంద్రనాథ ఠాకూరు కూడా ఆ వాద్యానికి వ్యతిరేకి. ఈ నిషేధం పాక్షికంగానైనా సడలడానికి 1971 దాకా ఆగవలసి వచ్చింది. అంటే ఒక తరం పాటు రేడియోకు రానివ్వని వాద్యం అదే కాలంలో పల్లె నాటకాన్ని మోస్తూ ఉన్నది. ఇందులో ఒక చమత్కారం చూడండి. కర్ణాటక గాయకులు తమ శ్రుతిని ఒకటి, ఒకటిన్నర, అయిదు, అయిదున్నర అని చెబుతారు. ఆ అంకెలు హార్మోనియం మెట్లవే. తెల్ల మెట్లకు పూర్ణ సంఖ్యలు, నల్ల మెట్లకు అరలు. కచేరీలోకి రానివ్వని పెట్టె కొలబద్దగా మాత్రం అందరి నోటా నిలిచింది.

నా దృష్టిలో రెండు పక్షాలదీ న్యాయమే. పల్లె నాటకంలో హార్మోనియం ఎందుకు చెడుపు చేయలేదో గమనిస్తే ఈ వైరుధ్యం విడిపోతుంది. అక్కడ గొంతు ముందు నడిచింది, మెట్లు వెనుక నడిచాయి. గమకం గొంతులో ఉంది, ఆధారం పెట్టెలో ఉంది. కంబదూరు ప్రాంతపు రాళ్లపల్లి గ్రామానికి చెందిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు తిరుపతిలో అన్నమయ్య సంకీర్తనలకు స్వరాలు కట్టి ప్రచురించారు. 1974లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనను సంగీత కళానిధిగా గౌరవించింది. కాగితం మీది స్వరలిపి కూడా ఒక విధంగా మెట్లే గదా! స రి గ మ అని అచ్చులో ఉంటుంది, ఒక స్వరం నుంచి మరొక స్వరానికి సాగే దారి మాత్రం గురుముఖతః రావాలి. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ కథ కూడా ఇదే చెబుతుంది. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాటను వాద్యం మీదికి తెచ్చుకునేవాడు. విదేశీ వాద్యం తెలుగు బిడ్డ చేతిలో కర్ణాటక వాద్యమైన తీరు అది.

ఇక నేటి కీబోర్డు. కాసియో సంస్థ 1980లో తొలి కాసియోటోన్‌ను విడుదల చేసింది. తర్వాతి సంవత్సరాలలో ఎలక్ట్రానిక్ కీబోర్డు ధర దిగి, మధ్యతరగతి ఇళ్లకు చేరింది. దీనికి హార్మోనియానికి లేని కొన్ని సుగుణాలున్నాయి. మొదటిది శ్రుతి మార్పు, అంటే ట్రాన్స్‌పోజ్. పసిపిల్లల గొంతు పెద్దవారికంటె హెచ్చు శ్రుతిలో ఉంటుంది. పాప గొంతుకు అయిదున్నర సరిపోతే, మీట నొక్కి ఆ శ్రుతి పెట్టి, వేళ్లను మాత్రం ఒకటవ మెట్టు నుంచే నడిపించవచ్చు. అప్పుడు మాయామాళవగౌళ సరళీ స్వరాలకు రెండే నల్ల మెట్లు, రిషభానికి ఒకటి, దైవతానికి ఒకటి. మిగిలినవన్నీ తెల్లవి. వేళ్ల లెక్క తేలిక, గొంతుకు శ్రమ లేదు. రెండవది, కొన్నింటికి ఉండే పిచ్ బెండ్ చక్రం. దాని సాయంతో స్వరాన్ని ఊపి గమకానికి దగ్గరగా వాయించేవారు కొందరున్నారు. ఆరేళ్ల బిడ్డకు అది తొందర, తర్వాతి మాట.

కీబోర్డులో నాకు భయం కలిగించేది దానంతట అది వాయించే తాళాలు, ముందే నింపిన పాటలు. మీట నొక్కితే పాట వస్తుంటే బిడ్డ నోరు ఎందుకు తెరుస్తుంది? రాఘవ తన కాలంలో పడిన బెంగ కొత్త రూపంలో ఇదేనని నాకు తోస్తుంది.

కాబట్టి నేను చెప్పదలచుకున్నది ఇది. ధ్వనుల సంఖ్య చూసి కొనవద్దు. మెట్ల వెడల్పు చూడండి. పూర్తి పరిమాణపు తెల్ల మెట్టు 23 మిల్లీమీటర్ల పైచిలుకు ఉంటుంది. అంతకంటె సన్నని మినీ మెట్లకు అలవాటు పడ్డ వేళ్లు రేపు పెద్ద వాద్యం మీద తడబడతాయి. ఆరేళ్ల చేతికి స్థాయి మొత్తం అందదు, అందనవసరమూ లేదు. అయిదు వేళ్లు అయిదు మెట్ల మీద కుదురుగా నిలిస్తే చాలు. నాలుగు స్థాయిల 49 మెట్లు మొదటికి ధారాళం, అయిదు స్థాయిల 61 మెట్లుంటే పదేళ్లు నడుస్తుంది. ఒత్తిడిని బట్టి ధ్వని హెచ్చుతగ్గులయ్యే టచ్ రెస్పాన్స్ ఉండాలి. ట్రాన్స్‌పోజ్ తప్పనిసరి. కరెంటు పోయినా సాధన ఆగకుండా బ్యాటరీ వీలు ఉంటే మంచిది. ఇంట్లో తాతగారి హార్మోనియం మూలన ఉంటే ముందు దానిని దించండి. ఎండకు చెక్క బిగుసుకుపోయో, తిత్తి చీలిపోయో ఉండవచ్చు, రిపేరు తెలిసిన చేతికి ఇస్తే మళ్లీ పలుకుతుంది. తిత్తి ఊదే ఎడమ చేతికి ఊపిరి అంటే ఏమిటో తెలుస్తుంది. అది కీబోర్డు నేర్పలేని పాఠం.

అన్నిటికంటె ముఖ్యం, సాధన క్రమం. పాప ముందు స్వరం పాడాలి, ఆ తర్వాత మెట్టు నొక్కి సరిచూసుకోవాలి. వరుస తారుమారైతే మెట్టు పాడినదే పాట అవుతుంది. ఎక్కడైనా గొంతుకూ మెట్టుకూ తేడా వినిపించి, "ఇది సరిగ్గా పలకడం లేదు" అని బిడ్డ పెట్టె మీద ఫిర్యాదు చేసిందంటే సంతోషించండి. ఆ చెవికి తనదైన కొలత ఏర్పడిందని అర్థం. నాటకం మాస్టారు రాత్రిళ్లు రైతుకు అందించిన విద్య కూడా అంతకు మించినది కాదు.