షాపింగ్ కార్ట్ సాఫ్టువేరు

షాపింగ్ కార్ట్ సాఫ్టువేరు అనగా అంతర్జాల దుకాణంలో కొనుగోలుదారు ఎంచుకున్న వస్తువులను గుర్తుంచుకొని, వాటి ధర, పన్ను, రవాణా ఖర్చు లెక్కగట్టి, చెల్లింపు పూర్తయ్యే వరకు ఆర్డరును నడిపించే కంప్యూటరు ప్రోగ్రాము. పెద్ద దుకాణాలలో సరుకులు వేసుకొని తోసుకుపోయే బండిని బట్టి దీనికి ఈ పేరు వచ్చింది. ఇటువంటి సాఫ్టువేర్లు ఉచితంగాను, అద్దెకును అనేకం లభిస్తున్నవి. వీటిలో ఏది తగినదన్న విషయం అమ్మే సరుకు స్వభావంపైన, దుకాణం నడిపేవారి స్తోమతపైన ఆధారపడి ఉంటుంది. ఈ వ్యాసంలో పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల హస్తకళా వస్తువులు ఉదాహరణలుగా తీసుకొనబడినవి.

చరిత్ర

ఒక వెబ్ పేజీ నుండి మరొక పేజీకి వెళ్ళినపుడు, వచ్చినది పాత సందర్శకుడేనని గుర్తించే ఏర్పాటు వెబ్‌లో మొదట లేదు. ఈ లోటును తీర్చుటకు 1994లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేస్తున్న లూ మాంటుల్లి కుకీలను రూపొందించాడు. షాపింగ్ కార్టు అవసరమే ఇందుకు ప్రేరణ. 2000లో జర్మనీలో ఓఎస్‌కామర్స్, 2006లో కెనడాలో షాపిఫై, 2007లో ఫ్రాన్సులో ప్రెస్టాషాప్, 2008లో అమెరికాలో మెజెంటో, 2011లో వర్డ్‌ప్రెస్‌కు అనుబంధంగా వూకామర్స్ వెలువడినవి.

రకాలు

* సొంతంగా స్థాపించుకొనేవి: వూకామర్స్, ఓపెన్‌కార్ట్, ప్రెస్టాషాప్ వంటివి. సాఫ్టువేరు ఉచితమే అయినా సర్వరు అద్దె, నిర్వహణ, భద్రతా సవరణల భారం యజమానిదే.
* అద్దె సేవలు: షాపిఫై వంటివి. నెలసరి రుసుము చెల్లించాలి. నిర్వహణ సేవా సంస్థ చూసుకుంటుంది. ప్రోగ్రామరు అందుబాటులో లేని చిన్న పట్టణాల దుకాణాలకు ఇవి అనుకూలం.
* ఉమ్మడి అంగళ్ళు: అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ వంటివి. ఇక్కడ కార్టు అంగడిదే, అమ్మకందారుది కాదు. ఫ్లిప్‌కార్ట్ చేతివృత్తులవారి కోసం 2019లో సమర్థ్ అనే పథకాన్ని ప్రారంభించింది. కొనుగోలుదారులు త్వరగా దొరుకుతారు గాని, ప్రతి అమ్మకంపై రుసుములు ఉంటాయి.

సరుకును బట్టి ఎంపిక

సాఫ్టువేరులో ఎన్ని సౌకర్యాలున్నవో లెక్కించుట కంటే, అమ్మే వస్తువుకు తప్పనిసరి అయిన సౌకర్యం ఏదో ముందుగా తేల్చుకొనుట మేలు. ఒకే ప్రాంతపు మూడు కళలకు మూడు వేరువేరు అవసరాలు ఉండుటను గమనించవచ్చును.

కరీంనగర్ వెండి తీగ పని (ఫిలిగ్రీ): దీనికి 2007లో భౌగోళిక గుర్తింపు లభించింది. సన్నని వెండి తీగలతో అత్తరుదానులు, పాన్‌దానులు, పళ్ళేలు, నగల పెట్టెలు తయారుచేస్తారు. వెండి ధర రోజురోజుకు మారుతుంది కనుక వస్తువుకు స్థిరమైన ధర వ్రాసి ఉంచితే వెండి పెరిగినపుడు అమ్మకందారుకు నష్టం వస్తుంది. గ్రాముల బరువు, ఆనాటి వెండి ధర, మజూరీ కలిపి ధర కట్టగల సాఫ్టువేరు అవసరం. చాలా కార్టులలో దీనికి ప్రత్యేక అనుబంధ ప్రోగ్రాము చేర్చుకోవలసి ఉంటుంది. ఆర్డరు ఖరారైన తరువాత ఆ ధర మారకుండా ఉండాలి.

నిర్మల్ బొమ్మలు: తేలికైన పొనికి కర్రతో చేసే ఈ బొమ్మలకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించింది. వీటి అమ్మకంలో చిక్కు రవాణా ఖర్చు. కొరియర్ సంస్థలు వాస్తవ బరువు, ఘనపరిమాణపు బరువులలో ఏది ఎక్కువైతే దానికే రుసుము తీసుకుంటాయి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో హెచ్చించి 5,000తో భాగించుట సాధారణ పద్ధతి. 30×25×20 సెం.మీ. పెట్టెకు ఇది 3 కిలోలు. లోపల బొమ్మ అర కిలో మాత్రమే ఉన్నా 3 కిలోలకు చెల్లించాలి. బరువును మాత్రమే చూసే కార్టు ఈ తేడాను కొనుగోలుదారు నుండి రాబట్టలేదు, ఆ మొత్తం అమ్మకందారు లాభం నుండి పోతుంది. కనుక పెట్టె కొలతలను, పిన్‌కోడును లెక్కలోకి తీసుకొనే సాఫ్టువేరును ఎంచుకోవాలి.

ఆదిలాబాదు డోక్రా: కొమురం భీం ఆసిఫాబాదు జిల్లా జైనూరు మండలంలోని ఉషేగాం ఈ ఇత్తడి పనికి ప్రసిద్ధి. 2018లో భౌగోళిక గుర్తింపు పొందింది. మైనపు నమూనాపై మట్టి పూసి, మైనం కరిగించి, లోహం పోసిన తరువాత మట్టి అచ్చును పగులగొడతారు. కనుక ఒక వస్తువు వలె మరొకటి ఉండదు. ప్రతి వస్తువుకు వేరే ఫోటో, వేరే సంఖ్య, నిల్వ ఒకటి అని నమోదు చేయాలి. ఇద్దరు ఒకేసారి కొనబోతే మొదటివారికి కొన్ని నిమిషాలు వస్తువును ఆపి ఉంచి, చెల్లింపు జరగకపోతే తిరిగి విడుదల చేసే సౌకర్యం అవసరం.

చెల్లింపులు, చట్టాలు

కార్టు స్వయంగా డబ్బు వసూలు చేయదు. చెల్లింపు గేట్‌వే అనే మధ్యవర్తి సేవకు అప్పగిస్తుంది. 2016లో ప్రారంభమైన యూపీఐతో పనిచేసే భారతీయ గేట్‌వేకు కార్టులో అనుసంధానం ఉందో లేదో ముందే చూసుకోవాలి. భారతీయ రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 2022 అక్టోబరు 1 నుండి దుకాణాలు కొనుగోలుదారుల కార్డు సంఖ్యలను దాచుకొనరాదు. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం కొనుగోలుదారు సమ్మతిని ముందుగా టిక్కు పెట్టిన గడుల ద్వారా తీసుకొనరాదు. కొన్ని విదేశీ సాఫ్టువేర్లలో ఇటువంటి గడులు ముందే టిక్కుతో రావచ్చు, వాటిని తొలగించాలి. 2017 జూలై 1న అమలులోకి వచ్చిన జీఎస్టీ రేట్లు మారుతూ ఉంటాయి కనుక పన్ను శాతాన్ని యజమానే మార్చుకోగలిగి ఉండాలి.

భద్రత

మద్దతు ఆగిపోయిన సాఫ్టువేరు ప్రమాదకరం. మెజెంటో మొదటి తరానికి 2020 జూన్‌లో మద్దతు నిలిచిపోయింది. అదే సంవత్సరం సెప్టెంబరులో ఆ సాఫ్టువేరు ప్రధానంగా వాడుతున్న దాదాపు 2,000 దుకాణాలపై దొంగలు దాడిచేసి కార్డు వివరాలు కాజేశారు. చివరి సవరణ ఎప్పుడు విడుదలయినదో చూడకుండా ఏ ఉచిత సాఫ్టువేరునూ స్థాపించుకొనరాదు.

తెలుగు వాడకం

వస్తువుల పేర్లు, చిరునామాలు తెలుగులో వ్రాయాలంటే డేటాబేసు యూనికోడులో ఉండాలి. పాత మైఎస్‌క్యూఎల్ డేటాబేసులలో ఈ అమరిక లేనిచోట తెలుగు అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు కనబడేవి. ఎంపికకు ముందు ఒక తెలుగు పేరుతో ఆర్డరు ఇచ్చి, రశీదులో అక్షరాలు సరిగా వచ్చినవో లేదో పరీక్షించుట మంచిది.

యాజమాన్యం

దుకాణం వెబ్ చిరునామా (డొమైన్) సైటు తయారుచేసిన వారి పేరున గాక, దుకాణం లేదా సహకార సంఘం పేరుననే నమోదై ఉండాలి. వస్తువుల జాబితా, ఆర్డర్లు, కొనుగోలుదారుల వివరాలను సీఎస్‌వీ ఫైలుగా దించుకొనే వీలు లేని సాఫ్టువేరును విడిచిపెట్టుటే క్షేమం. సేవా సంస్థ మూతపడినా, అద్దె పెంచినా ఆ ఫైలు ఉంటే మరొక సాఫ్టువేరుకు మారవచ్చును. లేనిచో ఏళ్ళ తరబడి సంపాదించుకొన్న ఖాతాదారుల జాబితా పోతుంది.

ఇవి కూడా చూడండి

* ఈ-కామర్స్
* నిర్మల్ బొమ్మలు
* కరీంనగర్ వెండి ఫిలిగ్రీ
* డోక్రా