బెలాయిట్: తడి కాగితాన్ని పిండటం నేర్పిన ఊరు

మాడిసన్ నుంచి అరోరా బాలాజీ గుడికి కారులో వెళ్లే తెలుగువాళ్లందరూ మా ఊరి పక్కనుంచే పోతారు. విస్కాన్సిన్ అయిపోయి ఇల్లినాయ్ మొదలయ్యేచోట, పెట్రోలుకో కాఫీకో హైవే దిగుతారే, అదే బెలాయిట్. అక్కణ్ణుంచి చూస్తే గోదాములూ హోటళ్లూ తప్ప ఏమీ కనబడవు. అసలు ఊరు పడమటగా లోపలికి, రాక్ నదికి రెండు పక్కలా ఉంది. జనాభా 36 వేల పైచిలుకు. 1846లో పెట్టిన కాలేజీ ఒకటుంది. ఆ కాలేజీ ఆవరణలో ఇక్కడి ఆదివాసులు ఎన్నో వందల ఏళ్ల కిందట పోసిన మట్టిదిబ్బలున్నాయి, అందులో ఒకటి తాబేలు ఆకారంలో ఉంటుంది. ఊరి చరిత్ర అడిగితే ముందు ఈ రెండూ చూపిస్తారు. నేను చెప్పదలచుకున్నది మూడోది. మీ గుమ్మం ముందుకి వచ్చే అట్టపెట్టె తడి అట్టగా ఉన్న దశలో దాన్ని పిండే పద్ధతి ఒకటుంది. ప్రపంచంలోని పెద్ద అట్ట మిల్లుల్లో ఇప్పుడు మామూలైపోయిన ఆ పద్ధతి ఈ ఊళ్లో పుట్టింది.

నేను పుట్టి పెరిగింది రాజమండ్రిలో. గాలి ఇటు తిరిగితే పేపరుమిల్లు వాసన ఇంట్లోకి వచ్చేది. ఉద్యోగం రాక్‌ఫర్డ్‌లో దొరికి, ఇల్లు చౌక అని బెలాయిట్‌లో కొనుక్కున్నాను. కాగితం మిషన్లు తయారుచేసిన ఊరికే వచ్చిపడ్డానని తర్వాత తెలిసింది.

కథ 1858లో ఓ.ఇ. మెరిల్ పెట్టిన ఫౌండ్రీతో మొదలవుతుంది. నది ఉంది, నీటి బలంతో నడిచే మిల్లులున్నాయి, వాటికి పోత సామాన్లు కావాలి. మెరిల్ అండ్ హూస్టన్ పేరుతో కొంతకాలం నడిచి ఆ ఫౌండ్రీ చితికిపోయింది. 1885లో అందులో పనిచేసినవాళ్లే కొందరు చేతిలో ఉన్నది కూడబెట్టి దాన్ని కొన్నారు, బెలాయిట్ ఐరన్ వర్క్స్ అని పేరు పెట్టారు. కాగితం మిషన్లు చేసిన ఆ కంపెనీయే 1960లలో బెలాయిట్ కార్పొరేషన్ అయింది.

కాగితం తయారీ అంటే సగానికి పైగా నీళ్లని వదిలించుకునే పని. మిషన్ మొదట్లో జాలీ మీద పడే గుజ్జులో నూటికి 99 పాళ్లకు పైగా నీళ్లే. జాలీలోంచి కారగలిగినంత కారాక తడి కాగితంలో 20 శాతం పీచు, 80 శాతం నీళ్లు మిగులుతాయి. అంటే కిలో పీచుకి నాలుగు కిలోల నీళ్లు. ఇక అది తనంత తాను కారదు. రోలర్ల మధ్య పిండాలి, లేదా ఆవిరితో కాగే సిలిండర్ల మీద ఆరబెట్టాలి. పిండటం చౌక, ఆరబెట్టడం ఖరీదు. ప్రెస్సులో 40 శాతం పొడితనం దాకా తెస్తే కిలో పీచుకి మిగిలేది కిలోన్నర నీళ్లు. 50 శాతానికి తెస్తే కిలో నీళ్లే. 40కీ 50కీ మధ్య తేడా పదే కదా అనిపిస్తుంది గాని, ఆరబెట్టాల్సిన నీళ్లలో మూడోవంతు తగ్గిపోయింది. 40 దగ్గర ఒక్క శాతం పెరిగినా ఆవిరి ఖర్చు దాదాపు 4 శాతం పడిపోతుంది. మిల్లు యజమానులు రోలర్ల గురించి అంత పట్టుదలగా ఎందుకుండేవారో ఈ లెక్కలో ఉంది.

మరి గట్టిగా నొక్కితే పోలేదా? పాతకాలపు ప్రెస్సు చూడటానికి చెరకు రసం మిషన్ లాంటిదే: కింద ఒక రోలరు, పైన ఒకటి, మధ్యలో ఫెల్టు అనే మందపాటి బట్ట మీద తడి కాగితం. కింది రోలరుకి రబ్బరు తొడుగు. పైదానికి చాలా మిల్లుల్లో గ్రానైటు వాడేవారు, తడి కాగితం రాతి మీంచి అతుక్కోకుండా సాఫీగా విడివడుతుంది కాబట్టి. నొక్కుడు పెరిగేకొద్దీ పిండిన నీటికి దారి చాలదు. రెండు రోలర్లూ నున్నగా ఉంటే ఆ నీళ్లు వెనక్కి, అంటే కాగితం వచ్చే వైపుకే తన్నుతాయి. ఇంకా బలం రాని తడి కాగితంలో పీచంతా చెదిరి, షీటు నలిగిపోతుంది. కాబట్టి ప్రెస్సు బలమెంత అన్న ప్రశ్నకంటే, పిండిన నీళ్లు ఎటు పోవాలన్న ప్రశ్నే పెద్దది.

దీనికి మొదటి మంచి జవాబు మా ఊరిది కాదు. ఒహాయోలోని సాండస్కీలో విలియం మిల్స్‌పా 20వ శతాబ్దపు తొలి దశకాల్లో సక్షన్ రోలర్ని నిలబెట్టాడు. కంచు గొట్టానికి ఒళ్లంతా బెజ్జాలు, లోపల గాలిని లాగేసే పెట్టె. నీళ్లు ఆ బెజ్జాల్లోకి పోతాయి. బాగా పనిచేసింది, ఇప్పటికీ చేస్తోంది. కాని బెజ్జానికీ బెజ్జానికీ మధ్య చోటులో నీళ్లు పక్కకి ప్రయాణం చేయాలి, కాగితం మీద బెజ్జాల నీడ మచ్చలు పడతాయి, వేల బెజ్జాలు తొలిచిన గొట్టం నునుపు గొట్టమంత బలంగా ఉండదు, పైగా పంపుకి కరెంటు.

1960ల మొదట్లో బెలాయిట్ ఇంజనీరు ఎడ్గార్ జస్టస్ దీనికి విచిత్రమైనంత సులువైన ఉపాయం పట్టాడు. బెజ్జాలు వద్దు, రోలరు చుట్టూ సన్నని గాడులు కోద్దాం అన్నాడు. ఒక్కో గాడి వెడల్పు అర మిల్లీమీటరు, లోతు రెండున్నర మిల్లీమీటర్లు, అంగుళానికి ఎనిమిది. నీటి బొట్టు ఎక్కడ పిండినా మిల్లీమీటరున్నర దూరంలోపే ఒక గాడి దొరుకుతుంది. గాడిలో ఎప్పుడూ మామూలు గాలే ఉంటుంది కాబట్టి నీళ్లు సులువుగా దిగిపోతాయి, రోలరు తిరిగి అవతలికి వచ్చాక బయటికి చిమ్ముకుంటాయి. పంపు అక్కర్లేదు. దీనికి వెంటా-నిప్ అని పేరు పెట్టి అమ్మారు.

మా వీధిలో రోలర్ గ్రైండింగ్ షాపులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. ఆయన గరాజ్‌లో షెల్ఫు మీద గాడులున్న రబ్బరు తొడుగు ముక్క ఒకటి, అరచేతిలో పట్టేంత, కాగితాలు ఎగరకుండా బరువుగా పెట్టి ఉంటుంది. దూరం నుంచి చూస్తే నల్లటి నున్నటి ముక్క. వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే గీతలు లేస్తాయి. నా గోరు అందులో దిగలేదు. విజిటింగ్ కార్డు అంచు మాత్రం దిగి నిలబడింది. ఆయన నవ్వి, కోయడం గొప్పకాదు, గాడికి మురికి పట్టకుండా కాపాడటం గొప్ప అన్నారు. నిజమే, గాడి పూడుకుపోతే అది మళ్లీ నున్నటి రోలరే. పీచూ, పూరక మట్టీ చేరకుండా నీటి జల్లులూ గీరే బ్లేడ్లూ పెట్టాల్సి వచ్చింది.

ఆయన దగ్గరే నేను క్రౌన్ సంగతి కూడా విన్నాను. రోలరు పొడవు మీటర్లలో, బరువు టన్నుల్లో. రెండు కొసలా బేరింగుల మీద ఆనించి నొక్కితే మధ్యలో వంగుతుంది, అది ఎంత లావున్నా సరే. వంగితే కాగితం అంచులు పొడిగా, నడుమ తడిగా వస్తుంది. అందుకని రోలరు నడుమని కాస్త లావుగా సానపడతారు. ఆ ఉబ్బునే క్రౌన్ అంటారు. అది కంటికి తెలియదు, కొలపరికరానికే తెలుస్తుంది. ఆ షాపులో పనివాడికి ఉదయం కొలిచిన కొలతకీ, సానపట్టి వేడెక్కాక కొలిచినదానికీ తేడా తెలియకపోతే రోలరు పాడైనట్టే. చిక్కేమిటంటే ఒక ఉబ్బు ఒకే బరువుకి సరిపోతుంది, నొక్కుడు మారిస్తే లెక్క తప్పుతుంది. జర్మనీలో ఎడువార్డ్ క్యూస్టర్స్ 1950లలో రోలరు లోపల కదలని ఇరుసు పెట్టి, బయటి గొట్టానికీ దానికీ మధ్య నూనె ఒత్తిడితో వంపుని సరిచేసే రోలరు తెచ్చాడు. బెలాయిట్ కూడా ఆ తోవలో తన రోలర్లు చేసింది. ఉబ్బుని ముందే చెక్కి పెట్టుకోవడం పోయి, మిషన్ నడుస్తుండగా మార్చుకునే రోజులొచ్చాయి. గ్రానైటు కూడా మెల్లగా తప్పుకుంది. అది ప్రకృతి రాయి, లోపల పగులుందో లేదో తెలియదు, వేడిలో తేడా వస్తే భారీ రోలరు పేలినంత పని చేసిన సందర్భాలున్నాయి. దాని స్థానంలో సిరామిక్ పూతలు వచ్చాయి.

ఇవన్నీ ఒక ఎత్తు, అసలు మా ఊరి ఘనత ఇంకొకటి. రెండు గుండ్రటి వస్తువులు ఒకదానికొకటి ఆనేది సన్నని గీతంత మేరే. రోలరెంత లావుదైనా, రబ్బరెంత మెత్తదైనా ఆ ఆనిక కొన్ని సెంటీమీటర్లు దాటదు. నాలుగు సెంటీమీటర్లనుకోండి. మిషన్ నిమిషానికి 1000 మీటర్ల వేగంతో నడిస్తే కాగితం ఆ నొక్కుడు కింద ఉండేది సెకనులో వెయ్యో వంతులు రెండున్నర. అంత స్వల్ప సమయంలో నీళ్లు ఫెల్టులోకి దాటాలి. మందపాటి అట్టలో అది సాగదు. వేగం పెంచితే సమయం ఇంకా తగ్గుతుంది, బరువు పెంచితే షీటు నలుగుతుంది. రోలరుకి రోలరు ఎదురుగా ఉన్నంతకాలం ఇక్కడ గోడ కట్టినట్టే.

జస్టస్, ఆయన సహచరుడు డెనిస్ క్రోనిన్ కింది రోలర్ని తీసేశారు. దాని చోట పై రోలరు వంపుకి సరిపోయేలా గుంటగా మలచిన ఇనుప దిమ్మ పెట్టారు. దాన్నే షూ అన్నారు. కదలని దిమ్మ మీద కాగితం రాసుకోకుండా మధ్యలో తిరిగే బెల్టు, బెల్టుకీ దిమ్మకీ నడుమ నూనె పొర. ఆనిక మేర సుమారు 25 సెంటీమీటర్లయింది. అదే వేగంలో నొక్కుడు కింద ఉండే సమయం ఆరింతలు పెరిగి సెకనులో వెయ్యో వంతులు 15 అయింది. అంత పొడుగునా బరువు పరుచుకుంటుంది కాబట్టి మొత్తం బలాన్ని ఎన్నో రెట్లు పెంచినా షీటు నలగలేదు. ఎక్స్‌టెండెడ్ నిప్ ప్రెస్ అని పేరు. 1980-81లో ఒరెగాన్ రాష్ట్రపు స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వేయర్‌హ్యూసర్ వాళ్ల అట్ట మిషన్ మీద మొదటిది నడిచింది. పొడితనంతో పాటు అట్టకి బలం కూడా పెరిగింది, పీచు పీచుకి దగ్గరయింది కాబట్టి. వాడేసిన అట్టపెట్టెల గుజ్జుతో గట్టి పెట్టెలు చేయడానికి ఇది తోడ్పడింది.

అన్నీ సజావుగా సాగాయని రాస్తే అబద్ధమవుతుంది. ఆ మొదటి నమూనాలో బెల్టు రెండు వైపులా తెరిచి ఉండేది. నూనె చింది కాగితం మీదికీ చుట్టుపక్కలకీ వచ్చేది. యూరప్‌లో ఎషర్ విస్, ఫోయిత్ లాంటి కంపెనీలు బెల్టు కొసలు మూసి, షూ మొత్తాన్ని ఒక సంచిలాంటి గొట్టంలో పెట్టేశాయి. ఆ రూపమే నిలిచింది. తర్వాత బెలాయిట్ కూడా మూసిన రకం చేసింది. ఆలోచన ఒకరిది, దాన్ని మెరుగుపరిచింది మరొకరు, ఇంజనీరింగ్‌లో ఇది తప్పుకాదు. పెద్దాయన మాత్రం ఆ మాట ఎత్తితే విషయం మారుస్తారు.

బెలాయిట్ కంపెనీ పరిశోధన కేంద్రం సరిహద్దు అవతల ఇల్లినాయ్‌లోని రాక్టన్‌లో ఉండేది, కార్ఖానా నది ఒడ్డున. 1986లో మిల్వాకీకి చెందిన హార్నిష్‌ఫెగర్ కంపెనీ బెలాయిట్ కార్పొరేషన్‌ని కొంది. గనుల్లో వాడే యంత్రాలూ క్రేన్లూ వాళ్ల వ్యాపారం. 1990ల నడిమిలో ఆసియా పల్ప్ అండ్ పేపర్ కంపెనీకి ఇండోనేషియాలో నాలుగు భారీ కాగితం మిషన్లు కట్టే ఒప్పందం కుదిరింది. ఖర్చులు అంచనా దాటాయి, ఆసియా దేశాల ఆర్థిక సంక్షోభం వచ్చిపడింది, 1998కల్లా ఒప్పందం గొడవలో కూరుకుపోయింది. 1999 జూన్‌లో హార్నిష్‌ఫెగర్ దివాళా కోర్టుకెక్కింది. మరుసటి ఏడాదికి బెలాయిట్ కార్పొరేషన్ ముక్కలై అమ్ముడుపోయింది. కాగితం మిషన్ల సాంకేతిక హక్కుల్లో చాలాభాగం ఫిన్లాండ్ మెట్సో చేతికి వెళ్లింది, ఆ వ్యాపారమే 2013లో విడివడి వాల్మెట్ అయింది. 140 ఏళ్లు దాటిన ఇనుపపని ఆగిపోయింది. మిషన్లలో లోపం వల్ల కాదు, ఒప్పందాల లెక్కల వల్ల మునిగిందని నా అభిప్రాయం. ఊళ్లో చాలామంది ఇదే అంటారు, ఇంకాస్త కటువుగా.

ఇప్పుడు ఆ కార్ఖానా భవనాల్లో ఐటీ ఆఫీసులూ వ్యాయామశాలా ఉన్నాయి. ఇనుప దూలాలు కనబడేలా వదిలేసి, ఐరన్‌వర్క్స్ పేరు అలాగే ఉంచారు. ఊరి నడిబొడ్డున హోటలుకి కూడా అదే పేరు. ఒకప్పుడు కూలిపోతుందనుకున్న నదీతీరం మళ్లీ కళకళలాడుతోంది, దానికి మెచ్చుకోవాలి. కాని లోపల చేసిన పని ఏమిటో ఒక్క యువకుడికైనా అర్థమయ్యేలా చెప్పే ఏర్పాటు నాకు కనబడలేదు. నది పక్క నడకదారిలో గాడుల రోలర్ ముక్క ఒకటి, షూ దిమ్మ ఒకటి పెట్టి, పక్కన నీటి లెక్క రాసిన పలక నిలబెడితే ఖర్చెంతవుతుంది?

ఈలోగా తెలుగు పాఠకులతో ఒక పని ఉంది. రాజమండ్రిలోనో, కాగజ్‌నగర్‌లోనో, సారపాకలోనో, దేశంలో మరే పేపరుమిల్లులోనో మీరో మీ నాన్నగారో ప్రెస్సు సెక్షన్లో పనిచేసి ఉంటే, పాత మాన్యువళ్లూ డ్రాయింగులూ అటకమీద ఉండొచ్చు. ఫ్రేము మీద బెలాయిట్ అని పోతపోసిన అక్షరాలున్న ఫోటో ఉన్నా సరే. పాత పేపర్లవాడికి వేయకండి. ఇక్కడ బెలాయిట్ హిస్టారికల్ సొసైటీ అని ఒకటుంది, వాళ్లకి ఒక కాపీ పంపండి.