భూగర్భంలో భద్రత: కోలారు నుంచి కార్ల్స్‌బాడ్ దాకా

కొన్ని అణు వ్యర్థాల రేడియోధార్మికత వేల ఏళ్లపాటు పోదు. అందుకే వాటిని భూమిలో లోతుగా, గట్టి పొరల మధ్య భద్రపరచాలని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

మన దేశంలో ఇందుకు సంబంధించిన ఒక ముఖ్య పరిశోధన, తెలుగువారెందరో చెమటోడ్చిన కోలారు బంగారు గనుల్లోనే జరిగింది. 1980 దశకంలో భాభా అణు పరిశోధన కేంద్రం వారు సుమారు 1,000 మీటర్ల లోతున, వ్యర్థాలకు బదులు విద్యుత్ హీటర్లు అమర్చి, వేడికి రాయి ఎలా మారుతుందో పరిశీలించారు. ఆ గనులు 2001లో మూతపడ్డాయి. ఇటువంటి లోతైన శాశ్వత నిల్వ కేంద్రం మనకింకా లేదు.

అమెరికాలో అణ్వాయుధ తయారీ వ్యర్థాల కోసం కార్ల్స్‌బాడ్ సమీపాన, 655 మీటర్ల లోతున ఉప్పు పొరల్లో 1999లో ఒక కేంద్రం ప్రారంభమైంది. 2014 ఫిబ్రవరి 5న అక్కడ ఉప్పు మోసే ట్రక్కుకు నిప్పంటుకుంది. బండి మీద చమురు జిడ్డు పేరుకుపోయింది. వాటంతటవే మంటలార్పే పరికరాలను పనిచేయకుండా ఆపి ఉంచారు. అదృష్టవశాత్తు లోపలున్న 86 మందీ ప్రాణాలతో పైకి వచ్చారు. అదే నెల 14న ఒక పీపా పగిలి రేడియోధార్మికత వెలువడింది. తేమను పీల్చేందుకు ఖనిజపు పొడికి బదులు గోధుమతో చేసిన పొడి కలపడమే దీనికి మూలం. 2017 జనవరి వరకు వ్యర్థాలను లోపల ఉంచే పని నిలిచిపోయింది.

ఓడరేవులో, ఉక్కు కర్మాగారంలో షిఫ్టులు చేసిన మన సభ్యులకు ఇది తెలిసిన పాఠమే. శాస్త్రం ఎంత గొప్పదైనా, భద్రత నిలిచేది రోజువారీ తనిఖీ మీదనే.