వన్ బై టూ చాయ్, అధ్యక్షా!

ఫోన్లో అసెంబ్లీ గొడవ చూసి నవ్వుకుంటున్నావు కదూ! "మీ కాలంలో అందరూ మహానుభావులే కదా తాతా" అని నన్ను ఎగదోయడానికే వచ్చావు, నాకు తెలుసులే. కూర్చో. మహానుభావులూ లేరు, మన్నూ లేదు. అప్పుడూ బల్లలు చరిచారు, కాగితాలు చించారు, వాకౌట్లు చేశారు. తేడా అంతా సభ అయ్యాక ఎవరు ఎటు పోయేవాళ్లన్న దాంట్లోనే ఉంది.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక సభ హైదరాబాదులోనే. పబ్లిక్ గార్డెన్స్ పక్కన, నిజాం కాలంలో టౌన్‌హాలుగా కట్టిన తెల్ల భవనంలో. సభ్యుల బస ఆదర్శనగర్ క్వార్టర్స్‌లో. ఓపికుంటే నడిచిపోవచ్చు. కింద కాంగ్రెసాయన, పైన కమ్యూనిస్టాయన. ఎమ్మెల్యే ఇంటికి ఊరి నుంచి జనం దిగడమంటే మాటలా? ఒకడికి ఆస్పత్రి పని, ఇంకొకడికి బదిలీ, మూడోవాడు పనేమీ లేక చార్మినార్ చూడ్డానికి. చాపలు చాలవు. పొద్దున సభలో ఎవరి మీద దుమ్మెత్తిపోశాడో, రాత్రి వాళ్ల గుమ్మంలోనే నిలబడి రెండు చాపలు అరువడగాలి. మర్నాడు ఆ చాప ఇచ్చినాయన్ని నోటికొచ్చినట్టు తిట్టమంటే నాలుక తిరుగుతుందిరా? కడుపులో లేనిది కౌగిలించుకుంటే వస్తుందా అన్నారు పెద్దలు. గుమ్మాలు పక్కపక్కన ఉంటే కాస్తో కూస్తో వస్తుందనే నేనంటాను.

అప్పట్లో ఇరానీ హోటల్లో చాయ్ పదిహేను పైసలు. అదీ ఒక్కడే తాగేవాడు కాదు, వన్ బై టూ. సగం కప్పులో, సగం సాసర్లో. సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగడాన్ని మీరు మోటు అంటారు గానీ, నాలుక కాలకుండా ఉండాలంటే... సరే, చాయ్ సంగతి తర్వాత. చెప్పొచ్చేదేమంటే, ఆ సగం చాయ్ అధికారపక్షానిది, మిగతా సగం ప్రతిపక్షానిది కావడం చూసినవాణ్ణి.

రైలూ అంతే. 1974లో గోదావరి ఎక్స్‌ప్రెస్ వచ్చాక కోస్తా సభ్యులు చాలామంది అందులోనే రాత్రి ప్రయాణం. కింద బెర్తు ఒకరిది, పై బెర్తు ఇంకొకరిది, ఆవకాయ మాత్రం ఇద్దరిదీ. ఇప్పుడు సభ వెలగపూడికి మారింది కదా, అది కాగానే కార్లు బెజవాడ దారి, గుంటూరు దారి పడతాయి. ఎవరి ఏసీ వాళ్లది. చాప అరువడిగే అవసరం ఎవరికీ రాదు.

ఇక "అధ్యక్షా" అనే ఆనవాయితీ ఉందే, దాన్ని తక్కువ చేయకు. ఎదుటివాణ్ణి "నువ్వు" అని వేలెత్తి అనకూడదు, ఏదన్నా స్పీకరుకే చెప్పుకోవాలి. "అబద్ధం" అన్నా రికార్డు నుంచి తీసేస్తారు గనక "వాస్తవ విరుద్ధం" అనాలి. కోపం అంత చుట్టు తిరిగి వచ్చేసరికి సగం చల్లారేది. కమిటీ గదుల్లో అయితే గొంతే లేచేది కాదు. ప్రజా పద్దుల కమిటీకి ప్రతిపక్షం మనిషినే పెద్దగా పెట్టడం ఆనవాయితీ. లోపల విలేకర్లూ ఉండరు, చప్పట్లూ ఉండవు. మరి అరిచి ఎవరికి చూపించాలి? ఇప్పుడు సభలో కెమెరా పెట్టాక సభ్యుడు "అధ్యక్షా" అంటాడు గానీ చూపు నియోజకవర్గం వైపే.

ఇంకో గుట్టు చెబుతాను, నవ్వకు. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చేదాకా ఎవరు ఏ పక్కకైనా పోవచ్చు. ఏ ఎండకా గొడుగు. ఇవాళ ఎదురుగా ఉన్నవాడు రేపు మన పక్క కుర్చీలోకి వస్తాడేమోనని కూడా మనుషులు నోరు అదుపులో పెట్టుకునేవాళ్లు. ఆ మర్యాదలో స్వార్థం పాలు తక్కువేం కాదు.

బావా బావమరుదుల కథ విన్నావా? 1952లో మద్రాసు శాసనసభకు అనంతపురం నుంచి నీలం సంజీవరెడ్డి నిలబడితే, జైల్లో ఉండే పోటీచేసి ఓడించింది ఎవరనుకున్నావు? స్వయానా ఆయన భార్య తమ్ముడో అన్నో, నాకిప్పుడు వరస గుర్తులేదు, బావమరిది తరిమెల నాగిరెడ్డి. మళ్లీ 1962లో సంజీవరెడ్డి ముఖ్యమంత్రి, నాగిరెడ్డి ఎదుటి వరసలో కమ్యూనిస్టు. ఇంట్లో ఆడపడుచు, సభలో ప్రభుత్వం! ఆ రోజుల్లో రాజకీయం చేసేవాళ్లలో పెద్ద కుటుంబాలవాళ్లే ఎక్కువ. పెళ్లిళ్లలో ఒకే పంక్తిలో కూర్చోక తప్పదు. కాబట్టి మాటకు గట్టు ఉండేది. ఆ పంక్తిలో చోటులేనివాళ్లు సభలోనూ తక్కువేనన్నది నిజం. అందుకే ఆ కాలాన్ని మరీ నెత్తిన పెట్టుకోవద్దంటాను.

ఆ నాగిరెడ్డే 1969లో, ఈ సభతో పేదవాడికి ఒరిగేదేమీ లేదని రాజీనామా చేసి విప్లవం దారి పట్టాడు. 1976లో అజ్ఞాతంలోనే పోయాడు. అంత మర్యాదగా మాట్లాడుకున్న సభ కూడా ఆయన్ని పట్టి ఉంచలేకపోయింది మరి.