కంటిపుసి నుంచి జన్యుపరీక్ష దాకా
1907లో జావాలో హాల్‌బర్‌స్టేటర్, ఫాన్ ప్రోవాజెక్ అనే పరిశోధకులు ట్రకోమా అనే కంటిజబ్బు రోగుల రెప్పల లోపలి పొరను గీకి, ఒరాంగుటాన్‌ల కళ్లకు అంటించారు. తర్వాత ఆ కళ్ల నుంచి తీసిన కణాలకు గీమ్సా రంగు వేసి చూస్తే లోపల చిన్న చిన్న ముద్దలు కనిపించాయి. ఆ జబ్బు తెచ్చే క్రిమి క్లమీడియా ప్రయోగశాలకు చిక్కడం అదే మొదలు.

కొద్ది ఏళ్లలోనే అవే ముద్దలు పసికందుల కండ్లకలకలోనూ, తల్లుల గర్భాశయ ముఖద్వారంలోనూ, తండ్రుల మూత్రనాళంలోనూ బయటపడ్డాయి. బిడ్డ కన్ను ఇంటిల్లిపాది రోగాన్ని పట్టిచ్చింది. ఈ చరిత్రలో ఇంతకు మించిన ఘట్టం లేదనే నా అభిప్రాయం.

ఆపైన దాదాపు 50 ఏళ్లు అడుగు ముందుకు పడలేదు. క్లమీడియా బ్యాక్టీరియానే, కానీ బతికున్న కణంలో తప్ప పెరగదు. అందుకే చాలాకాలం వైరస్ అనుకున్నారు. 1957లో బీజింగ్‌లో టాంగ్ ఫేఫాన్ బృందం పిండమున్న కోడిగుడ్డు పచ్చసొన సంచిలో దాన్ని పెంచినట్టు ప్రకటించింది. 1965లో గోర్డన్, క్వాన్ ఇద్దరూ మెకాయ్ అనే ప్రయోగశాల కణాలలో పెంచే పద్ధతి చూపాక కల్చర్ చేయడం సులువైంది. నమూనాను కణాలపై పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, రెండు మూడు రోజులాగి అయోడిన్ వేస్తే ముద్దలు గోధుమరంగులో తేలతాయి.

రక్తపరీక్ష పెద్దవాళ్లలో అంతగా అక్కరకు రాలేదు. పాత యాంటీబాడీలు ఏళ్ల తరబడి మిగిలిపోతాయి. క్లమీడియా వల్ల వచ్చే పసిపిల్లల న్యుమోనియాలో మాత్రం అది నిలబడింది: ఐజీఎం రకం యాంటీబాడీ తల్లి నుంచి మాయ దాటి రాదు కాబట్టి, బిడ్డ రక్తంలో కనిపించిన ఐజీఎం బిడ్డదే.

1990ల నుంచి పీసీఆర్ వంటి జన్యుపరీక్షలు వచ్చాయి. మగవాళ్లకు మూత్రం, ఆడవాళ్లకు వాళ్లే తీసుకోగల యోని స్వాబ్ చాలు. అయితే 2006లో స్వీడన్‌లో ప్లాస్మిడ్‌లో 377 బేస్ జతలు ఊడిపోయిన రకం రెండు కంపెనీల కిట్లను తప్పించుకుంది. ఎంత గొప్ప పరీక్షనైనా కనిపెట్టుకుని ఉండాల్సిందే.

నమూనా తీయడంలోని మెలకువ మాత్రం 1907 నాటిదే. బిడ్డ కంటి పుసి తుడిచేసి, రెప్ప తిప్పి, లోపలి పొరపై స్వాబ్ రుద్దాలి. క్రిమి ఉండేది కణాల్లో. చీము ఒక్కటే పంపితే రోగం దొరక్కపోవచ్చు.

పుట్టిన వారం, రెండు వారాలకు బిడ్డ కళ్లు పుసికడితే చనుబాల చుక్కలు వేసి ఊరుకోకండి. అది క్లమీడియా అయితే కంటి చుక్కలతోనే పోదు, కడుపులోకి మందు కావాలి. బిడ్డతోపాటు తల్లీ తండ్రీ ఇద్దరూ పరీక్ష చేయించుకోండి.